ఎకో మోడ్‌లో ఓవర్‌టేక్ చేయబోతే బండి స్పందించలేదు: డ్రైవ్ మోడ్ మారిస్తే నిజానికి ఏం మారుతుంది?

శ్రీశైలం_బాట
నాలుగు నెలల క్రితం టర్బో పెట్రోల్ ఇంజను, ఏడు గేర్ల డ్యుయల్ క్లచ్ ఆటోమేటిక్ ఉన్న బండి కొన్నాను. మైలేజీ కోసం మొదటి రోజు నుంచీ ఎకో మోడ్‌లోనే నడుపుతున్నాను. పోయిన ఆదివారం కుటుంబంతో శ్రీశైలం వెళుతూ, కల్వకుర్తి దాటి డిండి వైపు వెళ్లే రోడ్డు మీద, పత్తి లోడుతో నెమ్మదిగా పోతున్న లారీని దాటబోయాను. ఎదురుగా చాలా దూరంలో ఒక బస్సు వస్తోంది. నా పాత బండితో అయితే ఆ దూరం ధారాళంగా సరిపోయేది. పెడల్ సగం దాకా తొక్కాను, బండిలో చలనం లేదు. ఇంకా తొక్కాను, ఒక క్షణం ఏమీ జరగలేదు, ఆ తర్వాత ఇంజను ఒక్కసారిగా గర్జించి బండి ముందుకు దూకింది. అప్పటికే బస్సు దగ్గర పడడంతో బ్రేకు వేసి మళ్లీ లారీ వెనక్కి వచ్చేశాను. వెనక సీట్లో మా అమ్మ, ఇద్దరు పిల్లలు ఉన్నారు. ఆ క్షణం ఇప్పటికీ కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

సర్వీసు సెంటర్‌లో చూపిస్తే, కంప్యూటర్ తగిలించి చూసి, లోపమేమీ లేదనీ ఎకోలో అలాగే ఉంటుందనీ చెప్పి పంపించారు. ఎకోలో పెడితే ఇంజను శక్తినే తగ్గించేస్తారా? తగ్గించేటట్లయితే ఆ మాట తాళాలు చేతికి ఇచ్చే రోజున ఎందుకు చెప్పరు? స్పోర్ట్‌లో పెడితే లేని శక్తి ఎక్కడి నుంచి వస్తుంది?

కాకినాడ_కారు
నాకూ అచ్చంగా ఇదే జరిగింది, కాకపోతే నాది ఊళ్లో, సిగ్నల్ దగ్గర. నా బండిలోనే ఏదో లోపం ఉందనుకుని ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

తెనాలి_టార్క్
మీ బండిలో లోపం ఉందని నాకు అనిపించడం లేదు, కానీ మీ భయం పూర్తిగా న్యాయమైనది. పాత బండ్లలో పెడల్ నుంచి ఇంజను దాకా ఒక కేబుల్ ఉండేది, కాబట్టి పాదం ఎంత కదిలితే ఇంజనులోకి గాలిని వదిలే తలుపు, అంటే థ్రాటిల్, అంత తెరుచుకునేది. ఇప్పటి బండ్లలో ఆ కేబుల్ లేదు. పెడల్ దగ్గర ఉన్న సెన్సర్ మీరు ఎంత తొక్కారో ఇంజను కంప్యూటర్‌కు చెబుతుంది, ఎంత టార్క్ (చక్రాలను తిప్పే బలం) ఇవ్వాలన్నది తన దగ్గరున్న పట్టిక చూసి కంప్యూటర్ నిర్ణయిస్తుంది. మోడ్ మార్చినప్పుడు ప్రధానంగా మారేది ఆ పట్టికే. మాటవరసకు, సగం తొక్కినప్పుడు నార్మల్‌లో సగం టార్క్ వస్తుందనుకుంటే, ఎకోలో మూడో వంతే రావచ్చు, స్పోర్ట్‌లో మూడింట రెండు వంతులు రావచ్చు. పెడల్ చివరిదాకా నొక్కితే మూడూ ఒకే చోటికి చేరతాయి. స్పోర్ట్‌లో కొత్తగా శక్తి ఏమీ పుట్టదు, ఉన్నదే తక్కువ తొక్కుడుకు ముందుగా అందుతుంది.

మీకు ఎదురైనది ఒక ఆలస్యం కాదు, మూడు ఆలస్యాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మొదటిది ఈ పట్టిక. రెండోది గేర్‌బాక్స్: ఎకోలో అది వీలైనంత త్వరగా పై గేరుకు వెళ్లిపోతుంది, కాబట్టి లారీ వెనక 60లో వెళుతున్నప్పుడు మీరు ఆరో గేరులోనో ఏడో గేరులోనో ఉండి ఉంటారు. అక్కడి నుంచి మూడో గేరుకు దిగాలంటే మీరు నిజంగానే తొందరలో ఉన్నారని దానికి నమ్మకం కలగాలి. మూడోది టర్బో, అంటే పొగ వేగంతో తిరిగి ఇంజనులోకి ఎక్కువ గాలిని నెట్టే పంకా: ఇంజను తక్కువ వేగంతో తిరుగుతున్నప్పుడు టర్బోను తిప్పడానికి చాలినంత పొగ ఉండదు, అది వేగం అందుకోవడానికి ఇంకొంత సమయం పడుతుంది. ఈ మూడూ తీరేసరికి బస్సు మీ ముందుకు వచ్చేసింది.

నల్లగొండ_నడక
శ్రీశైలం అడవి దారిలోని మన్ననూరు చెక్‌పోస్టు గేటు రాత్రి 9 గంటలకు మూసేస్తారన్న తొందరలో ఆ రోడ్డు మీద జనం ఓవర్‌టేక్ చేసే తీరు చూస్తే గుండె ఆగిపోతుంది. మీరు బ్రేకు వేసి వెనక్కి రావడమే సరైన పని. ఇంకొకరైతే పంతానికి పోయి అలాగే ముందుకు తోసుకువెళ్లేవారు.

శ్రీశైలం_బాట
మేము వెళ్లింది ఉదయం పూట, కాబట్టి గేటు తొందర లేదు. తెనాలి_టార్క్ గారూ, మూడు ఆలస్యాల మాట చదువుతుంటే ఆ రోజు జరిగినది వరుసగా మళ్లీ కనిపించింది. ఇంజను గర్జించిన తర్వాతే బండి దూకడానికి కారణం ఇప్పుడు అర్థమైంది.

పాత_జెస్ట్
2014లో టాటా జెస్ట్ పెట్రోల్ వచ్చినప్పుడు ఎకో, సిటీ, స్పోర్ట్ అని మూడు మోడ్‌లు ఇచ్చారు. ఆ ధరలో అప్పటికి అది కొత్త సంగతి. నాది మాన్యువల్ గేరు కాబట్టి మోడ్ మార్చినప్పుడు మారేది ఇంజను స్పందన ఒక్కటే, గేరు నా చేతిలోనే ఉండేది. నాలుగో గేరు నుంచి మూడుకు దించితే ఎకోలో కూడా బండి చక్కగా దాటేది. అందుకే, శ్రీశైలం_బాట గారి విషయంలో అసలు దోషి పెడల్ పట్టిక కంటే గేర్‌బాక్సేనని నా అభిప్రాయం. ఆటోమేటిక్‌లో ఎకో అంటే రెండు బద్ధకాలు కలిసినట్లు.

ఇంధనం_లెక్క
చివరిదాకా నొక్కితే అన్ని మోడ్‌లూ ఒకటేనన్న తెనాలి_టార్క్ గారి మాటతో నేను పూర్తిగా ఏకీభవించలేను. చాలా పెట్రోల్, డీజిల్ బండ్లకు అది వర్తిస్తుంది. కానీ కొన్నింటిలో తక్కువ మోడ్‌లో టార్క్‌కు నిజంగానే పరిమితి పెడతారు. ఎలక్ట్రిక్ బండ్లలో ఇది ఇంకా ఎక్కువ. 2019లో మన దేశానికి వచ్చిన హ్యుందాయ్ కోనా ఎలక్ట్రిక్‌లో ఎకో ప్లస్ అనే మోడ్ ఉండేది. అందులో పెడితే వేగం గంటకు 90 కిలోమీటర్లకు పరిమితమయ్యేది, ఏసీ కూడా పనిచేసేది కాదు. ఛార్జింగ్ అయిపోవస్తున్నప్పుడు ఎలాగోలా ఇల్లు చేరడానికి ఉద్దేశించిన మోడ్ అది. కాబట్టి పక్కవాళ్ల బండి అనుభవాన్ని మన బండికి అన్వయించుకోకుండా, ఎవరి బండి యజమాని పుస్తకాన్ని వాళ్లు చదవడం తప్పనిసరి.

తెనాలి_టార్క్
ఒప్పుకుంటున్నాను. "చాలా బండ్లలో" అని రాసి ఉండవలసింది.

ఓబీడీ_ఒంగోలు
దీన్ని ఊహతో తేల్చుకోనక్కర లేదు. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌కు (బండి కంప్యూటర్ లెక్కలు చదవడానికి ఇచ్చే సాకెట్) చిన్న బ్లూటూత్ పరికరం తగిలించి, ఫోనులో పెడల్ ఎంత నొక్కామో, థ్రాటిల్ ఎంత తెరుచుకుందో పక్కపక్కనే చూశాను. పక్క సీట్లో మా తమ్ముడు ఫోను పట్టుకుని చూస్తుంటే, ఖాళీ బైపాస్ మీద పెడల్‌ను ఒకే చోట నిలిపి మోడ్ మారుస్తూ వెళ్లాను. పాదం కదలలేదు, కానీ స్పోర్ట్ నొక్కగానే థ్రాటిల్ అంకె పెరిగింది, ఎకోకు రాగానే తగ్గింది. పెడల్ పూర్తిగా నొక్కినప్పుడు మూడింటిలోనూ అంకె ఒకటే. నా బండి వరకు తెనాలి_టార్క్ గారి మాట నిజం.

అరకు_సారథి
నేను పదహారేళ్లుగా విశాఖ నుంచి అరకుకు పర్యాటకులను తీసుకువెళుతున్నాను. ఏడు సీట్ల డీజిల్ బండి, నిండా మనుషులు, పైన సామాను. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఎక్కడం మొదలవగానే ఎకో తీసేస్తాను. ఎకోలో ఎక్కితే పెడల్ లోతుగా తొక్కుతూనే ఉండాలి, గేర్‌బాక్స్ పై గేరుకు వెళ్లి, లాగలేక మళ్లీ కిందికి దిగి, ప్రతి మలుపులోనూ తడబడుతుంది. వెనక కూర్చున్నవాళ్లకు ఆ కుదుపులకే కడుపులో తిప్పుతుంది. పవర్ మోడ్‌లో పెడితే గేరు నిలబడుతుంది, పాదం తేలికగా ఉంటుంది, వాంతులు తగ్గుతాయి. ఇంకొక మాట. చాలా బండ్లలో ఎకోలో ఏసీ కంప్రెసర్ పని కూడా తగ్గుతుంది. మే నెలలో మూడో వరుసలో కూర్చున్న పెద్దవాళ్లు చల్లదనం రావడం లేదని అంటే, గ్యాస్ అయిపోయిందని అనుకునే ముందు మోడ్ ఏదో చూసుకోవాలి.

కొత్త_లైసెన్స్
దిగేటప్పుడు ఏ మోడ్ మంచిది? మా మామయ్య ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్‌లో పెడతారు, అలా చేస్తే డీజిల్ మిగులుతుందని అంటారు.

అరకు_సారథి
అమ్మా, దయచేసి మీ మామయ్య గారిని ఆపండి. ఘాట్‌లో న్యూట్రల్ వేస్తే బండి బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. బ్రేకులు వేడెక్కి కాలిన వాసన వచ్చిన తర్వాత పెడల్ మెత్తబడడం నేను కళ్లారా చూశాను.

ఇంధనం_లెక్క
పైగా డీజిల్ మిగలదు కూడా. గేరులో ఉండి పెడల్ వదిలేసినప్పుడు చక్రాలే ఇంజనును తిప్పుతాయి, కాబట్టి కంప్యూటర్ ఇంజెక్టర్లను మూసేస్తుంది, ఇంధనం ఖర్చు సున్నా అవుతుంది. న్యూట్రల్‌లో పెడితే ఇంజను ఆగిపోకుండా ఉండడానికి ఇంధనం పోస్తూనే ఉండాలి. అంటే న్యూట్రలే ఎక్కువ తాగుతుంది.

కొత్త_లైసెన్స్ గారూ, మీ ప్రశ్నకు నేరుగా సమాధానం: కొన్ని ఆటోమేటిక్‌లలో ఎకోలో పెడల్ వదలగానే గేర్‌బాక్స్ ఇంజనును విడదీసి బండిని దొర్లనిస్తుంది. సమతలంగా ఉన్న హైవే మీద అది మేలు, ఘాట్‌లో మాత్రం ఇంజను పట్టు పోతుంది. దిగేటప్పుడు స్పోర్ట్, లేదా ఇంకా మంచిది, మాన్యువల్‌లో పెట్టి రెండో గేరో మూడో గేరో మీరే ఎంచుకోవడం.

తిరుపతి_ఈవీ
ఎలక్ట్రిక్ బండిలో ఈ కథ వేరు. మాకు పాదం వదిలితే మోటారే జనరేటర్‌గా మారి బండిని ఆపుతుంది, ఆ కరెంటు బ్యాటరీలోకి వెళుతుంది. దీన్నే రీజెన్ అంటాం. తిరుమల కొండకూ కిందికీ ఎత్తు తేడా దాదాపు 700 మీటర్లు. 1,500 కిలోల బండి అంత దిగితే లెక్క ప్రకారం 2.9 యూనిట్ల శక్తి విడుదలవుతుంది. అంతా తిరిగి రాదు, కానీ గణనీయమైన భాగం వస్తుంది. మొదటి ఘాట్ రోడ్డులో రీజెన్‌ను గరిష్ఠ స్థాయిలో పెట్టుకుని దిగితే బ్రేకు పెడల్ మీద పాదం పెట్టవలసిన అవసరం చాలా తక్కువ. 2022 నుంచి ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు కూడా ఈ కొండ మీద తిరుగుతున్నాయి.

అయితే ఒక జాగ్రత్త అందరికీ చెప్పాలి. ఒకసారి అరకులో బస చేసిన చోట రాత్రంతా ఛార్జింగ్ పెట్టి, ఉదయం 100 శాతంతో దిగడం మొదలుపెట్టాను. రీజెన్ గరిష్ఠంలో ఉన్నా బండి ఆగడం లేదు. బ్యాటరీ నిండుగా ఉంటే వచ్చే కరెంటుకు చోటు ఉండదు, కాబట్టి రీజెన్ తనంతట తానే తగ్గిపోతుంది. ఏ మోడ్ పెట్టినా ఫలితం ఉండదు. కొండ మీద ఛార్జింగ్ పెడితే 85, 90 దగ్గర ఆపేయండి.

అరకు_సారథి
ఈ సంగతి నాకు తెలియదు. వచ్చే నెలలో మా యజమాని ఎలక్ట్రిక్ బండి తీసుకుంటున్నారు, మీరు చెప్పినది రాసి పెట్టుకున్నాను.

కాకినాడ_కారు
అసలు ఎకోతో మైలేజీ పెరుగుతుందా, లేదా? ఆ ఒక్క మాట ఎవరూ తేల్చలేదు.

ఇంధనం_లెక్క
ఊళ్లో కొంత పెరుగుతుంది, హైవే మీద దాదాపు పెరగదు. ఊళ్లో మనం సిగ్నల్ పడగానే అవసరానికి మించి తొక్కి, వంద మీటర్లలో మళ్లీ బ్రేకు వేసి ఆ ఇంధనాన్ని వేడిగా పారేస్తాం. ఎకో ఆ తొక్కుడును మెత్తబరుస్తుంది, త్వరగా పై గేరు వేస్తుంది, ఏసీ భారం తగ్గిస్తుంది. విజయవాడ హైవే మీద 100లో నిలకడగా వెళుతున్నప్పుడు బండికి కావలసిన శక్తిని గాలి, టైర్లు నిర్ణయిస్తాయి, మోడ్‌కు అందులో చెప్పుకోదగ్గ పాత్ర లేదు. పెడల్ మెత్తగా ఉంటే మీ పాదం ఇంకొంచెం లోతుకు వెళ్లి అదే ఇంధనాన్ని అడుగుతుంది. నిజంగా ఆదా కావాలంటే 100 నుంచి 80కి రండి: గాలి నిరోధం వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి, 80 దగ్గర కంటే 100 దగ్గర అది 56 శాతం ఎక్కువ.

పాత_జెస్ట్
నాది వేరే అనుభవం. హైవే మీద కూడా ఎకో నాకు ఆదా చేసింది. కారణం యంత్రం కాకపోవచ్చు, డ్యాష్‌బోర్డు మీద ఎకో అని కనిపిస్తుంటే నేనే నెమ్మదించాను.

ఖమ్మం_గ్యారేజీ
డీజిల్ బండ్లవాళ్లకు ఒక విన్నపం. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణాల) డీజిల్ బండ్లలో పొగగొట్టం దారిలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. పట్టిన మసి కాలిపోవాలంటే ఆ ఫిల్టర్ 600 డిగ్రీల దాకా వేడెక్కాలి. ఇంటి నుంచి బడికి, బడి నుంచి బజారుకు రెండేసి కిలోమీటర్లు ఎకోలో, ఇంజను వేగం నిమిషానికి 1,500 చుట్లు దాటకుండా తిప్పితే అది ఎన్నటికీ అంత వేడెక్కదు. ఫిల్టర్ దీపం వెలిగాక నా దగ్గరకు తెచ్చే బండ్లలో ఎక్కువ భాగం ఇలాంటివే. ఎకో ఒక్కటే దోషి అని నేను అనడం లేదు, అసలు కారణం చిన్న చిన్న ప్రయాణాలు. వారానికి ఒకసారైనా నార్మల్‌లోనో స్పోర్ట్‌లోనో హైవే మీద ఆగకుండా ఇరవై నిమిషాలు నడపండి. ఫిల్టర్ మార్చవలసి వస్తే అయ్యే ఖర్చు ముందు, ఎకోలో మిగిలిన డీజిల్ ఏ మూలకూ చాలదు.

బాపట్ల_ఇసుక
మోడ్‌ల గురించే కాబట్టి, ఇసుక మోడ్ మీద నా అనుభవం కూడా చెబుతాను. నాది ముందు చక్రాలు మాత్రమే లాగే బండి, కానీ మంచు, బురద, ఇసుక అని గుండ్రటి మీట ఉంది. ఆ మీటను నమ్మి సూర్యలంక తీరంలో పొడి ఇసుకలోకి దిగాను, ఇరవై అడుగులు వెళ్లేసరికి ఇరుసు దాకా కూరుకుపోయాను. వేట ముగించుకుని వచ్చిన మత్స్యకారులు టైర్లలో గాలి సగం దాకా తీయించి, చక్రాల ముందు గోనె సంచులు పరిచి, తోసి బయటపడేశారు. ఇసుక మోడ్ చేసేదేమిటో ఆ తర్వాత చదివాను. మామూలుగా చక్రం జారగానే ట్రాక్షన్ కంట్రోల్ ఇంజనును నొక్కేస్తుంది. ఇసుకలో అలా నొక్కితే బండి అక్కడే ఆగిపోతుంది, కాబట్టి ఈ మోడ్‌లో చక్రాన్ని కొంత తిరగనిస్తుంది. బురద మోడ్‌లో జారే చక్రానికి బ్రేకు వేసి రెండో చక్రానికి శక్తి అందేటట్లు చూస్తుంది. ఏది చేసినా ఉన్న రెండు చక్రాలతోనే కదా. వెనక చక్రాలకు అది శక్తిని పంపలేదు.

కాకినాడ_కారు
ఆ గాలి మళ్లీ నింపుకోకుండా హైవే ఎక్కలేదు కదా?

బాపట్ల_ఇసుక
లేదు, ఊళ్లో మొదటి పంక్చర్ షాపు దగ్గరే నింపించాను.

మిషిగన్_తెలుగు
మంచు మోడ్ గురించి ఇక్కడ మాకు ఏటా నాలుగు నెలలు పాఠమే. మంచు మోడ్‌లో పెడల్ చాలా మెత్తబడుతుంది, కొన్ని బండ్లు మొదటి గేరు వదిలి రెండో గేరులో కదులుతాయి, దాంతో చక్రం గిర్రున తిరగకుండా నెమ్మదిగా పట్టు దొరుకుతుంది. బండి కదలడానికి అది చాలా సాయం చేస్తుంది. ఆగడానికి మాత్రం పెద్దగా చేయలేదు, ఎందుకంటే బ్రేకు వేసినప్పుడు నేలను పట్టుకునేది టైరు రబ్బరు. ఇండియా నుంచి కొత్తగా వచ్చిన మిత్రులు నాలుగు చక్రాల బండి, మంచు మోడ్ ఉన్నాయన్న ధైర్యంతో చలికాలం టైర్లు కొనడం మానేస్తుంటారు. మా వీధి చివర కాలువలోకి జారిన బండ్లలో అలాంటివే ఎక్కువ చూశాను.

నల్లగొండ_నడక
స్పోర్ట్‌లో పెడితే నా బండి రోడ్డును ఇంకా గట్టిగా పట్టుకున్నట్లు ఉంటుంది. సస్పెన్షన్ కూడా మారుతుందా?

తెనాలి_టార్క్
మీకు అలా అనిపించడానికి కారణం స్టీరింగ్ అయి ఉంటుంది. ఇప్పటి స్టీరింగ్‌కు సాయం చేసేది ఎలక్ట్రిక్ మోటారు. స్పోర్ట్‌లో ఆ సాయం తగ్గిస్తారు, స్టీరింగ్ చక్రం బరువెక్కుతుంది, చేతికి నమ్మకం కలుగుతుంది. టైరు పట్టు మాత్రం రవ్వంత కూడా పెరగదు. మోడ్‌తో మారే డ్యాంపర్లు (సస్పెన్షన్‌లో ఊగుడును ఆపే షాక్ అబ్జార్బర్లు) ఖరీదైన బండ్లలోనే ఉంటాయి. లోహపు పొడి కలిపిన నూనెకు అయస్కాంత శక్తి తగిలించి గట్టిపరిచే పద్ధతిని మొదట 2002లో కాడిలాక్ సెవిల్‌లో తెచ్చారు. మన రోడ్ల మీద తిరిగే బండ్లలో చాలావాటికి సస్పెన్షన్ ఏ మోడ్‌లోనైనా ఒకటే, కాబట్టి స్పోర్ట్‌లో ఉన్నామని మలుపులో వేగం పెంచకండి.

శ్రీశైలం_బాట
ఓబీడీ_ఒంగోలు గారి పద్ధతి చదివాక, ఇవాళ తెల్లవారుజామున అవుటర్ సర్వీసు రోడ్డు మీద, వెనకా ముందూ ఎవరూ లేని చోట, ప్రయత్నించి చూశాను. మా బావమరిది పక్కన కూర్చుని సెకన్లు లెక్కపెట్టాడు. 50లో వెళుతూ ఎకోలో సగం తొక్కితే బండి గేరు దించనే లేదు, ఆరో గేరులోనే ఈడ్చుకుంటూ వెళ్లింది. చివరిదాకా తొక్కితే గేరు దించింది, కానీ నేను తొక్కిన క్షణానికీ బండి కదిలిన క్షణానికీ మధ్య ఎడం స్పష్టంగా తెలిసింది. స్పోర్ట్‌లో అప్పటికే నాలుగో గేరులో సిద్ధంగా ఉంది, పావు వంతు తొక్కగానే లాగింది. లివర్‌ను మాన్యువల్‌కు జరిపి ముందే మూడో గేరుకు దించితే ఎకోలో కూడా దాదాపు అంతే బాగా వెళ్లింది. పాత_జెస్ట్ గారు గేర్‌బాక్స్ గురించి చెప్పినది నా బండిలో నిజమైంది.

నాకు ఇప్పటికీ బాధగా ఉన్నది ఒక్కటే. డెలివరీ రోజున పూలదండ వేసి, ఫొటో తీసి, పాటలు ఫోనుతో ఎలా కలపాలో అరగంట చూపించారు. ఈ మీట నొక్కితే బండి మీ పాదానికి ఆలస్యంగా జవాబు చెబుతుందన్న ఒక్క వాక్యం చెప్పలేదు.

కొత్త_లైసెన్స్
దాటబోయే ముందు మోడ్ మారిస్తే గేర్‌బాక్స్‌కు ఏమైనా హాని ఉంటుందా?

ఖమ్మం_గ్యారేజీ
నడుస్తుండగా ఎకో, నార్మల్, స్పోర్ట్ మార్చుకోవడం వల్ల హాని లేదు, అందుకోసమే పెట్టారు. అయితే లారీ పక్కకు వచ్చాక కళ్లు దించి మీట వెతకకండి. లారీ వెనక ఉన్నప్పుడే మార్చుకుని, గేరు దిగిందని ఇంజను చప్పుడుతో నిర్ధారించుకుని, అప్పుడు బయటికి రండి.

కాకినాడ_కారు
నిన్న ఇవన్నీ నా బండితో చేసి చూశాను, ఒక కొత్త సంగతి బయటపడింది. రాజమండ్రి వెళ్లే దారిలో స్పోర్ట్‌లో పెట్టుకుని, మధ్యలో బంకు దగ్గర ఆగి, పెట్రోల్ పోయించుకుని మళ్లీ స్టార్ట్ చేశాను. మోడ్ తనంతట తానే ఎకోకు వచ్చేసింది, నేను గమనించలేదు, ముందున్న ట్రాక్టరును దాటబోయినప్పుడు తెలిసింది. ఎదురుగా ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. ఇంజను ఆపినప్పుడల్లా మీ బండి ఏ మోడ్‌కు తిరిగి వస్తుందో అందరూ ఒకసారి చూసుకుని ఇక్కడ రాయండి, శ్రీశైలం_బాట గారు ముందుగా.

శ్రీశైలం_బాట
ఇప్పుడే కిందికి వెళ్లి చూసి వచ్చాను. నాది ఎకోలో వదిలితే ఎకోలోనే ఉంటోంది, స్పోర్ట్‌లో వదిలితే నార్మల్‌కు వస్తోంది. ఈ శనివారం అమ్మను మళ్లీ శ్రీశైలం తీసుకువెళుతున్నాను, నార్మల్‌లో బయలుదేరుతాను.